పిల్లికి బిచ్చము

లోభిని గూర్చి చెప్పవలసివచ్చినపుడు మన పెద్దలు “వాడు పిల్లికైనను బిచ్చము పెట్టడు” అందురు. పాలకోడు పరిసరములలో తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములలో, వీధిలో తమిళము మాటాడినను, ఇంటిలో ఈ సామెత ఇంకను నిలిచియున్నది. బిచ్చమడుగుట పిల్లికి కులవృత్తియను భావము ఇందు ఇమిడియున్నది. పాలగిన్నె చప్పుడు కాగానే కాళ్ళకు చుట్టుకొని, ముద్ద తిన్న గడియకే మరల అరచుచు, వంటయింటి గడప విడువని పిల్లిని చూచినవారికి ఈ భావము నిజమే యనిపించును. కాని చరిత్రను తరచి చూచిన, పిల్లి మన ఇంటికి కావలికత్తెగ వచ్చినదని తెలియగలదు.

మానవుడు ధాన్యము పండించి నిలువచేయ నేర్చిన తరువాతనే పిల్లి అతని చెంత చేరినది. ధాన్యమున్న చోటికి ఎలుక వచ్చెను. ఎలుకయున్న చోటికి అడవిపిల్లి వచ్చెను. ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల అడవిపిల్లి జాతియే నేటి పెంపుడు పిల్లికి మూలము. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి యొకటి బయల్పడినది. అందు మనుష్యుని ప్రక్కనే పిల్లిని గూడ పూడ్చియుండిరని 2004లో పరిశోధకులు ప్రకటించిరి. ఈ స్నేహము అంత పురాతనమైనది.

మన బారామహలు సీమ విజయనగర ప్రభువుల ఏలుబడిలోనుండి, కాలక్రమమున మైసూరువారి వశమై, 1792లో టిప్పు సుల్తాను చేసికొనిన సంధివలన ఆంగ్లేయుల కధీనమైనది. ప్రభువులు మారిరి గాని, రాగి పంట మారలేదు. రాగులు పాతరలలోను, తక్కిన ధాన్యము గాదెలలోను నిలువయుండెడి ఇండ్లలో పిల్లికి పనికి కొదువ లేదు. ఇల్లాలికిని పిల్లికిని నడుమ వ్రాయని ఒప్పంద మొకటి యుండెను: గాదెక్రింది ఎలుక పిల్లిది, ఉట్టిమీది పెరుగు ఇంటివారిది. “పిల్లి శాపములకు ఉట్లు తెగునా” యను సామెత ఈ ఏర్పాటునకు సాక్ష్యము. ఇల్లాలు పిల్లిని కొట్టలేదు; తిట్టలేదు. కుండను అందని యెత్తున వ్రేలగట్టి తన పని చూచుకొన్నది.

కవులును శిల్పులును మాత్రము పిల్లిని దొంగతపసిగనే చూపిరి. మహాబలిపురమున 7వ శతాబ్దపు పల్లవ శిల్పములో ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేయు పిల్లియు, దాని చెంత ఎలుకలును కానవచ్చును. 1853లో మద్రాసున వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలో దీర్ఘకర్ణమను మార్జాలము మంచిమాటలతో గ్రద్ద ఆశ్రయము సంపాదించి, పక్షికూనలను భక్షించును. నింద గ్రద్దపై పడును.

ఇట్టి కథలలో తెనాలి రామకృష్ణుని పిల్లికథ మన పిల్లలకెల్ల కంఠస్థము. 1509 మొదలు 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల పేర లోకము అల్లుకొన్న చాటుకథ యది. ఎలుకల బాధ పోవుటకై రాయలు ఇంటింటికొక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇచ్చెనట. రామకృష్ణుడు తొలినాడే కాగిన పాలు పిల్లి ముందుంచెను. మూతి కాలిన పిల్లి అది మొదలు పాలు చూచిన పారిపోయెడిది. ఆవుపాలు ఇంటివారికి దక్కెను. మనము నవ్వుదుము. నవ్విన పిదప ఆ కాలిన మూతిని గూడ ఒక్క క్షణము తలచుకొనవలెను. యాచన మాన్పుటకు భయపెట్టిన పిల్లి పెట్టు చేతినే నమ్మకుండ పోవును.

అసలు చిక్కు మరియొక చోట నున్నది. పాలు పిల్లికి తగిన భోజనము కావు. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలలోని చక్కెర జీర్ణము కాదు. పిల్లి మాంసాహారి. టారిన్ అను పదార్థము ఆహారమున కొరవడిన దాని కన్నులు చెడునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను పరిశోధకులు తెలిపిరి. ఈ పదార్థము ఎలుక మాంసమున సమృద్ధిగ కలదు, పెరుగన్నమున లేదనవచ్చును. నాటి పిల్లికి అవ్వ పెట్టిన పెరుగన్నము చిరుతిండి మాత్రమే; భోజనము గాదెక్రింద దొరకెడిది. నేడు పాలకోడు టమాటా వ్యాపారమునకు పేరుపొందినది. ఆ పంట ఇంట నిలువయుండక బండి నెక్కి పోవును. పాతరలు పూడినవి, ఇంటి నేల సిమెంటుతో గట్టిపడినది. జీతము పోయి చిరుతిండి మిగిలిన పనిమనిషి అరవక యేమి చేయును?

కావున మొదట కడుపు సంగతి చూడవలెను. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి చేర్చక ఉడికించిన చేపయో కోడిమాంసమో అన్నముకంటె మేలు. శాకాహారుల ఇండ్లలో అంగడిలో అమ్ము పిల్లి ఆహారము పెట్టవచ్చును; అందు టారిన్ చేర్చియుందురు. ఎంత తిన్నను చిక్కిపోవుచు, నీరు అధికముగ త్రాగు పిల్లిని పశువైద్యునికి చూపవలెను. మధుమేహముగాని, థైరాయిడ్ గ్రంథి వ్యాధిగాని కారణము కావచ్చును.

కడుపు నిండినను అరచునది మనము నేర్పిన అరపు. ఆహారము కోరు పిల్లి గురగురలో పసిబిడ్డ యేడ్పును పోలు స్వరము కలిసియుండునని 2009లో ఇంగ్లండు పరిశోధకులు కనుగొనిరి. మన మనసు కరగుటలో వింత లేదు. దినమునకు పెట్టవలసినదానిని కొలిచి, మూడు నాలుగు వేళలకు పంచి, ఆ వేళలకే పెట్టవలెను. అరచినపుడు పెట్టరాదు. మొదట కొన్ని దినములు అరపు హెచ్చును. ఆ దినములలో ఒక్కమారు లొంగినను శ్రమయంతయు వ్యర్థము. ఇంటివారందరు ఏకమాటపై నుండవలెను. తల్లి కాదన్నది అవ్వ కొంగుచాటున పెట్టిన పిల్లి ఎవరి మాట వినును? వేటకు మారుగ దినమునకు కొంతసేపు దారము చివర ఈక కట్టి ఆడించుటయు మంచిది.

నేటి మన పిల్లలలో పెక్కుమంది ఉట్టిని చూచియుండరు. గాదె యననేమో యడుగుదురు. వస్తువు కనుమరుగైన పిదప సామెత యెంతకాలము నిలుచును? పిల్లికి బిచ్చము పెట్టు వేళ వారిని చెంత కూర్చుండబెట్టుకొని ఆ రెండు మాటలను గూడ చెప్పుదము. పిల్లి ముద్ద దానికి వేళకు చేరును. మన మాట మన బిడ్డలకు చేరును.