జపాన్ విశ్వవిద్యాలయాల్లో భాషా తరగతులు: విద్యార్థుల చేత మాట్లాడించడం ఎలా?

జపాన్‌లో విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థి అప్పటికే కనీసం ఆరేళ్ళు ఇంగ్లిష్ చదివి ఉంటాడు. వ్యాకరణం బాగానే వచ్చు, వేల మాటలకు అర్థాలు తెలుసు. అయినా టీచరు ప్రశ్న వేస్తే తరగతిలో ఒక్క చెయ్యీ లేవదు. పేరు పెట్టి పిలిస్తే తల వంచుకుంటాడు, లేదంటే పక్కవాళ్ళను అడిగి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటాడు. అక్కడ చదువుకునే మన పిల్లలకూ, పాఠాలు చెప్పాలనుకునే మనవాళ్ళకూ మొదట్లో ఇది వింతగా అనిపిస్తుంది. ‘వీళ్ళకు రాదు’ అనో ‘వీళ్ళకు ఆసక్తి లేదు’ అనో అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ నిజం కాదు.

ఈ మౌనాన్ని లెక్కలతో చూపించినవారు బ్రిటన్ పరిశోధకుడు జిమ్ కింగ్. 2013లో వెలువడిన ఆయన అధ్యయనంలో 9 విశ్వవిద్యాలయాలు, 924 మంది విద్యార్థులు ఉన్నారు. మొత్తం 48 గంటల తరగతులను గమనిస్తే, ఎవరూ అడగకుండా విద్యార్థి తనంతట తానుగా మాట్లాడిన సమయం సుమారు 7 నిమిషాలు. అంటే పావు శాతం కూడా లేదు.

మౌనం ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి కారణం పరీక్షలు. 1990 నుంచి 2020 వరకు నడిచిన సెంటర్ టెస్టులోనూ, 2021లో దాని స్థానంలో వచ్చిన కామన్ టెస్టులోనూ మాట్లాడే పరీక్ష లేదు. వినడం కూడా 2006లోనే చేరింది. ఇప్పుడు కామన్ టెస్టులో చదవడానికి 100 మార్కులు, వినడానికి 100 మార్కులు. ప్రైవేటు సంస్థల పరీక్షల ద్వారా మాట్లాడడాన్ని కూడా కొలవాలనుకున్నారు కానీ 2019 నవంబరులో వాయిదా వేసి, ఆ తర్వాత వదిలేశారు. మార్కులు లేని పనికి పిల్లలు సమయం పెట్టరు కదా!

రెండో కారణం ‘యకుదొకు’. అంటే ఇంగ్లిష్ వాక్యాన్ని మాట మాటగా జపనీస్‌లోకి మార్చుకుంటూ చదివే పాత పద్ధతి. జపనీస్‌లో క్రియ మన తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది. అందుకే ఇంగ్లిష్ వాక్యాన్ని తిరగేసి అర్థం చేసుకోవడం అలవాటవుతుంది. చదివేటప్పుడు అందుకు తీరిక ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు.

మూడోది నలుగురి చూపు. ‘గాలిని చదవడం’ అని జపనీస్‌లో ఒక నుడికారం ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ మనసెరిగి నడుచుకోవడం అని దాని అర్థం. అందరూ నిశ్శబ్దంగా ఉన్నచోట ఒక్కరే మాట్లాడితే తప్పు చెప్పినా ఇబ్బందే, మరీ బాగా చెప్పినా ఇబ్బందే. ఇది వాళ్ళ స్వభావం అనుకోవడానికి లేదు. తరగతి అయ్యాక క్లబ్బుల్లో స్నేహితులతో ఇదే విద్యార్థులు గలగలా మాట్లాడతారు. మారాల్సింది పిల్లలు కాదు, తరగతి నడిచే తీరు.

ప్రభుత్వం ఏమంటోంది?

2012 ఆగస్టులో జపాన్ కేంద్ర విద్యా మండలి విశ్వవిద్యాలయ విద్యపై ఒక నివేదిక ఇచ్చింది. ఉపన్యాసం విని రాసుకునే చదువు నుంచి, విద్యార్థి తానే పాల్గొని నేర్చుకునే ‘యాక్టివ్ లెర్నింగ్’ వైపు మళ్ళాలని అందులో చెప్పారు. తరగతి బయట విద్యార్థులు చదివే సమయం పెరగాలని కూడా కోరారు. జపాన్ నిబంధనల్లో ఒక క్రెడిట్ అంటే తరగతి, సొంత చదువు కలిపి 45 గంటల శ్రమ.

సైన్సు చదివినవాళ్ళకు ఈ మాట కొత్తేమీ కాదు. బ్యూరెట్టు తిప్పకుండా టైట్రేషన్ రాదు. భాష కూడా చేతికి పని చెబితేనే వచ్చే విద్య.

తరగతిలో పనికొచ్చే పద్ధతులు

ఆలోచించు, పక్కవారితో చెప్పు, అందరికీ చెప్పు: 1981లో అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. ప్రశ్న వేశాక ఒక నిమిషం ఎవరికి వారు రాసుకుంటారు. తర్వాత ఇద్దరిద్దరు మాట్లాడుకుంటారు. ఆ తర్వాతే అందరి ముందు చెబుతారు. అప్పుడు విద్యార్థి చెప్పేది తన ఒక్కడి మాట కాదు, ‘మా ఇద్దరి మాట’. సగం భయం అక్కడే పోతుంది.

ఆగడం: మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికా బడుల్లో సైన్సు తరగతులను గమనించారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తున్నాయనీ ఆమె తేల్చారు. పరాయి భాషలో జవాబు కూర్చుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. ‘కొంచెం ఆలోచించుకోనివ్వండి’, ‘మళ్ళీ ఒకసారి చెప్పండి’ వంటి మాటలు ఇంగ్లిష్‌లో మొదటి వారమే నేర్పితే, విద్యార్థి మౌనంగా ఉండే బదులు ఆ మాటైనా అనగలుగుతాడు.

4-3-2: ఒకే విషయాన్ని ఒకరితో నాలుగు నిమిషాలు, మరొకరితో మూడు నిమిషాలు, ఇంకొకరితో రెండు నిమిషాలు చెప్పాలి. విషయం మారదు కాబట్టి మూడోసారికి మాటలు వాటంతట అవే దొర్లుతాయి. ఈ మధ్యలో తప్పులు దిద్దకూడదు. చివర్లో, ఎవరి పేరూ చెప్పకుండా, నాలుగైదు తప్పులు బోర్డు మీద రాస్తే చాలు.

తదొకు: అంటే విస్తారంగా చదవడం. జపాన్‌లో బాగా ప్రచారమైన సూత్రాలు మూడు: నిఘంటువు చూడొద్దు, అర్థం కానిచోట దాటేయి, విసుగొస్తే ఆ పుస్తకం వదిలేయి. తన స్థాయికి తగ్గ చిన్న పుస్తకాన్ని విద్యార్థే ఎంచుకుంటాడు. యకుదొకు అలవాటు వదిలించడానికి ఇది మంచి మందు.

రోజువారీ పుస్తకం: జపాన్‌లో చాలాకాలం పాఠాలు చెప్పిన టిమ్ మర్ఫీ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. తరగతిలో ఏం చేశారు, ఏది ఉపయోగపడింది, ఏది నచ్చలేదు అని విద్యార్థి నాలుగు వాక్యాలు రాస్తాడు. టీచరు చదివి తర్వాతి పాఠాన్ని సవరించుకుంటారు. నోరు విప్పని విద్యార్థి మనసులో మాట తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

తరగతి బయట: చిబాలోని కాందా అంతర్జాతీయ అధ్యయన విశ్వవిద్యాలయం 2001లోనే స్వయం అభ్యాస కేంద్రాన్ని పెట్టింది. విద్యార్థి తనకు కావలసినప్పుడు వచ్చి, సలహాదారు సాయంతో తన చదువు తానే ప్రణాళిక వేసుకోవచ్చు.

మార్కుల సంగతి

ఇవన్నీ చేయించి, చివరికి వ్యాకరణ పరీక్షకే మార్కులన్నీ ఇస్తే పిల్లలు మళ్ళీ మౌనంలోకే వెళ్తారు. జపాన్ విశ్వవిద్యాలయాల్లో ‘హేజోతెన్’ అని తరగతి పనికి ఇచ్చే మార్కులు ఉంటాయి. అవి చెయ్యి ఎత్తినవాళ్ళకే దక్కకూడదు. జంటగా చేసిన పనికి, చదివిన పుస్తకాలకు, రాసిన నాలుగు వాక్యాలకు కూడా ఇవ్వాలి. మాట్లాడకుండా శ్రద్ధగా చదువుతున్నవాడూ చురుగ్గా నేర్చుకుంటున్నట్టే. గోల ఎక్కువైనంత మాత్రాన చదువు ఎక్కువ జరిగినట్టు కాదు.

మన పిల్లలకు ఒక మాట

ఇంగ్లిష్ తరగతిలో జపాన్ విద్యార్థితో జంట కట్టినప్పుడు మన పిల్లలు గబగబా జవాబు చెప్పేసి, అతని వంతు కూడా తినేయకూడదు. ప్రశ్న వేసి, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి, జవాబు కోసం ఆగాలి. రేపు జపనీస్ తరగతిలో మాట కోసం తడుముకునేది మన పిల్లలే. అప్పుడు పక్కనున్న జపాన్ విద్యార్థి కూడా అంత ఓపికగా ఆగితే ఎంత బాగుంటుందో వాళ్ళకే తెలుస్తుంది.