కొత్త ఇంజన్‌కు మొదటి ఆయిల్

కొత్త కారు అద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని రాసి నెమ్మదిగా నడిపే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కొత్త ఇంజన్‌లో లోహపు తలాలు ఒరుసుకుని సర్దుకోవాలి కదా! వేగం కోసం ప్రత్యేకంగా కూర్చే ఇంజన్లకు ఈ దశ మరీ కీలకం. చదును టాపెట్లయితే, గట్టి స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ మొదటి 20 నిమిషాల్లోనే అరిగి పాడైపోవచ్చు.

దాన్ని కాపాడేది ఆయిల్‌లో కలిపే జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. 1940లలో దీన్ని కలిపింది అరుగుదలను ఆపడానికి కాదు. ఆయిల్ ఆక్సీకరణం చెందకుండా, బేరింగులను తినేయకుండా ఉండటానికి. రాపిడి జరిగే చోట ఇది లోహంపై పలుచని రక్షణ పొరగా మారుతుందని తర్వాతే తెలిసింది.

1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకాలు వచ్చాయి. ఆయిల్‌లోని భాస్వరం వాటి శక్తిని హరిస్తుంది. అందుకే 2004 నాటి ప్రమాణం పలుచని ఆయిళ్లలో భాస్వరాన్ని 0.08 శాతం దాటనివ్వలేదు. దొర్లే టాపెట్లున్న కార్లకు ఇబ్బంది లేకపోయినా, పాత తరహా ఇంజన్లకు చిక్కొచ్చిపడింది.

కాబట్టి అలాంటి ఇంజన్ కూర్చినప్పుడు ఖరీదైన ఆయిలే మంచిదనుకోకండి. ఆ జింక్ సమ్మేళనం దండిగా ఉన్న ఖనిజ ఆయిల్ పోయండి. రాపిడిని తగ్గించే ఇతర రసాయనాలు అందులో ఉండకూడదు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు అమరాలంటే కాస్త ఒరిపిడి అవసరమే మరి!