జవహర్‌నగర్ చెత్తకుప్ప - నాగారం: వ్యర్థాలపై అధికారం ఎవరిది?

హైదరాబాదు పురపాలన చరిత్ర సాధారణంగా విస్తరణ చరిత్రగానే రచింపబడింది. 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో హైదరాబాదు, చాదర్‌ఘాట్‌లకు ఏర్పడిన పురపాలన 1933లో ఒకటైంది. 1960లో సికింద్రాబాదు కలిసింది. 2007లో 12 పురపాలక సంఘాలు, 8 గ్రామపంచాయతీల విలీనంతో మహానగరపాలక సంస్థ అవతరించింది. ఈ చరిత్రలో నగరం విసర్జించిన చెత్త ఎవరి పొలిమేరకు చేరిందన్న ప్రశ్నకు దక్కిన చోటు స్వల్పం.

కీసర మండలంలోని నాగారాన్ని ఈ దృష్టితో పరిశీలించవలసి ఉంది. దానికి పొరుగున ఉన్న జవహర్‌నగర్‌లోనే నగర వ్యర్థాలు గుట్టలుగా పేరుకున్నాయి. చెత్తలారీల రాక మొదలైననాడు జవహర్‌నగర్, నాగారం, దమ్మాయిగూడ మూడూ గ్రామపంచాయతీలే. లారీలను పంపే నగరపాలక సంస్థను ఎన్నుకొనే ఓటు ఈ గ్రామస్థులకు లేదు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఘనవ్యర్థాల నిర్వహణను పురపాలక సంస్థల విధుల జాబితాలో చేర్చింది. 73వ సవరణ పారిశుద్ధ్యాన్ని పంచాయతీల జాబితాలో చేర్చింది. 2000 నాటి ఘనవ్యర్థాల నియమాలు పురపాలక సంస్థ బాధ్యతను 'తన పరిధిలో' అనే నిర్వచించాయి. ఒకరి చెత్త మరొకరి పరిధిలో పడినప్పుడు మాట ఎవరిదో ఈ జాబితాలు తేల్చలేదు.

తెలంగాణ పల్లెలో పెంటకుప్పకు యజమాని ఉంటాడు. ఆ పెంట అతని చేనికే ఎరువుగా చేరుతుంది. 'డంపింగ్ యార్డు' అన్న మాటలో ఆ యాజమాన్య స్ఫురణ లేకపోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

2009లో రాంకీ సంస్థతో కుదిరిన 25 ఏళ్ల ఒప్పందంతో కుప్ప నిత్య నిర్వహణ ప్రైవేటు సంస్థకు చేరింది. ఒప్పందంలో పక్షాలు రెండే: నగరం, కంపెనీ. మల్కారం చెరువులోకి మురుగు ఊట చేరిన ఊళ్లు అందులో పక్షం కాలేదు. అయితే కుప్పను కప్పడం, ఊటనీటిని శుద్ధిచేయడం, 2020లో ప్రారంభమైన 19.8 మెగావాట్ల విద్యుత్కేంద్రం వంటివి ఏ పంచాయతీ నిధులతోనూ సాధ్యమయ్యేవి కావు. కేంద్రీకృత నిర్వహణను సమర్థించేవారి వాదంలో బలమైన అంశమిదే. కాని నిర్వహణ సామర్థ్యం వేరు, సమ్మతి అడగడం వేరు.

నాగారం పురపాలక సంఘానికి తొలి ఎన్నికలు 2020 జనవరిలో జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2025 జనవరిలో తీరింది. డిసెంబరులో నాగారం, దమ్మాయిగూడ, జవహర్‌నగర్ మహానగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. చెత్త పంపే సంస్థపై ఓటు హక్కు ఆ విధంగా లభించింది. ఆ సంస్థను పొరుగు సంఘంగా నిలదీయగల ఎన్నికైన సభ మాత్రం నాగారానికి ఉన్నది ఆ అయిదేళ్లే. 2009 ఒప్పందం గడువు ఇంకా తీరలేదు.