బడి హక్కు: దాఖలా ఒక్కటే చాలదు

సర్కారు బడిలో గాని, సర్కారు గ్రాంటు తీసుకునే బడిలో గాని కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఏ పౌరునికీ దాఖలా నిరాకరించరాదు. ఇది రాజ్యాంగం 29వ అధికరణం రెండవ క్లాజు. 1950 జనవరి 26 నుండి అమలులో ఉన్నా మన ఇళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవారు ఇది మైనారిటీల కోసమే రాసినదనుకుంటారు. కాని దీనిమీద సుప్రీంకోర్టు ఇచ్చిన తొలి పెద్ద తీర్పుతో పోయినది మన వాటాయే!

అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ కమ్యూనల్ జీ.వో. నడిచేది. 1927 నాటి లెక్కలో ప్రతి 12 ఉద్యోగాలకు 2 ముస్లింలవి. 1947లో మార్చిన లెక్కలో అది 14కు 1 అయింది. కాలేజీ సీట్లకూ ఈ 14 లెక్కే. దీనివల్ల తనకు మెడికల్ సీటు రాదని చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ స్త్రీ కోర్టుకెక్కారు. (తమాషా ఏమంటే ఆమె సీటుకు దరఖాస్తే పెట్టలేదు.) 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు 29(2)ను చూపి ఆ జీ.వో. చెల్లదన్నది. అదే రోజు మున్సిఫ్ ఉద్యోగాల కేసులో 16వ అధికరణం కింద ఉద్యోగాలలో మన వాటా కూడా పోయింది. ఆ జూన్‌లోనే మొదటి సవరణ వచ్చి 15(4) చేరింది. అందులో వెనుకబాటు అన్న మాట ఉంది, మతం అన్న మాట లేదు. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో దూదేకులవారు బి.సి. జాబితాకెక్కినా, 2007 చట్టంలో ముస్లింలలోని కొన్ని వర్గాలకు 4 శాతం ఇచ్చినా వెనుకబాటు ఆధారం మీదనే. మా ఉద్దేశంలో ఇదే సరైన దారి. లేకుంటే నవాబుగారి అబ్బాయీ రిక్షా తొక్కేవాని కొడుకూ ఒకే క్యూలో నిలబడతారు.

ఇక దాఖలా దొరికిన తరువాతి సంగతి. 1985 జూలైలో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడినుంచి తీసేశారు. జాతీయగీతమప్పుడు వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కారు. అదే తప్పయింది. 1986 ఆగస్టు 11న మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు తీర్పు రాసి వాళ్లను తిరిగి చేర్చుకోమన్నారు. మన పిల్లలు గీతం గొంతెత్తి పాడుతున్నారు, అది వేరే మాట. ముగ్గురే అయినా వాళ్ల మనస్సుకు రక్షణ ఉందని కోర్టు చెప్పిందే, అది గుర్తుంచుకోవాలి.

పంతుళ్ల సంగతి దీనికంటే చిక్కు. సర్కారు ఉద్యోగంలో మతం, కులం చూసి వివక్ష చూపరాదని 16(2) అంటున్నది. చిన్న తరగతులు మాతృభాషలో చెప్పే ఏర్పాటుండాలని 1956లో చేర్చిన 350ఎ అంటున్నది. రెండూ ఉన్నా ఉర్దూ మీడియం పోస్టులు ఖాళీగా పడి ఉండటం మేము ఏళ్ల తరబడి చూస్తున్నాం. రోస్టరు ప్రకారం ఎస్.సి., ఎస్.టి. సోదరులకు వచ్చిన పోస్టుకు ఉర్దూలో చదివిన అభ్యర్థి దొరకడు. పోస్టు అలాగే నిలిచిపోతుంది. పంతులు లేని తరగతి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసేస్తారు. ఆపైన పిల్లలే లేరు కదా, పోస్టెందుకంటారు! ఆ సోదరుల వాటా తీసేయమని మేము అనం, అది వారి హక్కు. ఆ పోస్టును అదే జిల్లాలో తెలుగు మీడియంలో వారికిచ్చి, ఉర్దూ పోస్టులో ఉర్దూ వచ్చినవారిని వేస్తే ఎవరి లెక్కా తగ్గదు.