మేళములు కూడిన తోట

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజుల చరిత్రలు వ్రాయుటకు పండితులు కలరు. ఊరి లెక్కలు వ్రాసికొను నావంటివాడు, తన లెక్కలలో పేరు కానరాని వారిని గూర్చి వ్రాయుట యుక్తమని తోచినది. వారు మన సన్నాయి మేళగాండ్రు.

మన పూర్వులు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించిరి. ఊపిరితో పలుకునది సుషిరము. పదుమూడవ శతాబ్దమున దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున వేణువుతోపాటు మధుకరి, కాహళ మున్నగు సుషిరవాద్యములు వర్ణింపబడినవి. మనము సన్నాయియనియు, నాగస్వరమనియు, నాదస్వరమనియు పిలుచునది ఆ తెగలోనిదే. పైన సన్నమై క్రిందికి పోనుపోను వెడల్పగు కొయ్యగొట్టము, వ్రేళ్లకు ఏడు రంధ్రములు, వాని దిగువ శ్రుతి దిద్దుకొనుటకు మైనముతో మూయు రంధ్రములు, చివర అణసు, నోటికి రెల్లుజాతి గడ్డితో చేసిన పీక. తంజావూరు సీమలోని నరసింగంపేట నాగస్వరమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ వాద్యమున వ్రేళ్లు సగము పనియే చేయును. తక్కిన సగము పెదవుల ఒత్తిడిలోను, ఊపిరి బిగువులోను ఉన్నది. కావున ఇది పుస్తకము చూచి అబ్బు విద్య కాదు. ఒకడు వాయింపగా మరియొకడు దగ్గర కూర్చుండి విని నేర్వవలసినదే. మేళగాండ్రు ఒకచోట కూడుట వారికి వేడుక మాత్రమే కాదు, విద్యకు ప్రాణము.

మన కోనసీమలో వారు కూడు చోటేది? కనుమనాడు మొసలపల్లి చెంతనున్న జగ్గన్నతోటకు పోయిన చదువరులు ఎరుగుదురు. అచ్చట గుడి లేదు, గోపురము లేదు, కొబ్బరితోటయే దేవాలయము. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, కె. పెదపూడి — ఈ పదునొకండు గ్రామములనుండి ఏకాదశరుద్రులు ప్రభలపై వేంచేయుదురు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీటిలో దిగి భుజములమీదనే దాటివచ్చు దృశ్యము చూచి తీరవలసినది. 2023 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవమున మన రాష్ట్ర శకటము ఈ ప్రభల తీర్థమునే దేశమునకు చూపినది.

ప్రభల ముందు మంగళవాద్యములు నడచును. పదునొకండు ఊళ్ల రుద్రులు ఒకరినొకరు దర్శించుకొందురు. ఆ వాద్యములు పలికించువారు మాత్రము ఒకరినొకరు వినజాలరు. ఎవరి ప్రభ ముందు వారు, ఎవరి జనసందోహములో వారు. ఆ కోలాహలమున ప్రక్కవాని రాగమేదో చెవి కెక్కదు. దేవతలకు కలిగిన సమాగమ భాగ్యము మేళగాండ్రకు కలుగలేదు.

అట్టి భాగ్యము కలిగినచో ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. ఒంగోలు చెంత కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు తంజావూరు బాణిపై మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైక్కణ్ణులను ఆశ్రయించి నేర్చిరి. తరువాత శ్రీరంగమున స్థిరపడిరి. ఆ తెలుగు విద్వాంసునకు 1998లో సంగీతకళానిధి బిరుదము లభించినది. నాగస్వరము నిలుచుండి వాయించు పరిచారక వాద్యమని తలచిన కాలమున టి.ఎన్. రాజరత్నం పిళ్లైగారు (1898–1956) వేదికపై కూర్చుండి కచేరి చేయు గౌరవమును సాధించిరి. తిరువయ్యారులో పుష్యబహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధన నేటికిని నాగస్వరముతోనే ఆరంభమగును. మహావిద్వాంసులందరును కూర్చుండి విందురు.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. మా యింటి పెండ్లిలో ఖర్చుల పట్టీ వ్రాసినవాడను నేనే. వంటవాని పేరు వ్రాసితిని. పందిరి వేసినవాని పేరు వ్రాసితిని. పూలు తెచ్చినవాని పేరును వ్రాసితిని. సన్నాయికి వచ్చునప్పటికి "మేళము" అని ఒక్క మాట వ్రాసి, ఎదుట అంకె వేసితిని. నాటి తెల్లవారుజామున ఆ పెద్దాయన విడిదియింట భూపాలము వాయింపగా నాకు మెలకువ వచ్చినది. ఆ రాగము నేటికిని చెవిలో ఉన్నది. ఆయన పేరు నాకు తెలియదు. అడుగుదమన్న ఆయన లేరు. పట్టీ చూతమన్న అందు లేదు. మాంగల్యధారణవేళ గట్టిమేళమని కేకవేయుటయే గాని, ఆయన వాయించుచుండగా కూర్చుండి విన్నవారము మేమెవ్వరమును కాము.

ఇప్పుడు పెండ్లిండ్లకు బ్యాండు మేళములు, యంత్రగానములు వచ్చినవి. కాలము మారుటను నిందింపను. కాని పేరైనను వ్రాయక పోగొట్టుకొనుట మన లోపము. గ్రంథాలయమనగా పుస్తకములు దాచు చోటు మాత్రమే కాదు, ఊరి జ్ఞాపకము దాచు చోటు. కావున ఈ రజతోత్సవ సందర్భమున సభ్యులకు ఒక విన్నపము. కనుమ మరునాడు, తీర్థపు సందడి అణగిన పిమ్మట, చుట్టుపట్ల మేళగాండ్రను మన చావడికి ఆహ్వానింతము. వారిని వేదికపై కూర్చుండబెట్టి, మనము క్రింద కూర్చుందము. ఒకరి వాద్యము మరియొకరు వినునట్లు నిశ్శబ్దముగా నుందము. వచ్చిన ప్రతి విద్వాంసుని పేరు, ఊరు, గురువు పేరు ఒక పుస్తకమున వ్రాసి ఈ బీరువాలో భద్రపరుతము.

ఆ పుస్తకము వ్రాయు పని నాకు ఒప్పగింప ప్రార్థన. ఈసారి "మేళము" అని వ్రాయను.