దుందుభి నామ సంవత్సరం

మా కూచిపూడి పేరు ఎక్కడ ఎత్తినా దానివెంట 1502 అనే అంకె నీడలా వస్తుంది. సభలో వక్త చెబుతాడు, ఉత్సవ సంచికలో వ్యాసకర్త రాస్తాడు. తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో నేనూ దానిని నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాశాను.

కథ మిత్రులకు తెలిసినదే. విజయనగరానికి పోతున్న మన భాగవతులు దారిలో సిద్ధవటం సీమలో ఆగారట. అక్కడ సమ్మెట గురవరాజు ధనం కోసం ప్రజలను, ఆడవారిని సైతం చిత్రహింసలు పెట్టడం కళ్ళారా చూశారు. రాయలవారి ఎదుట కేళిక పెట్టినప్పుడు పురాణకథ కట్టలేదు. ఒకరు గురవరాజుగా, కొందరు అతని బంట్లుగా, ఒకరు హింసపడే స్త్రీగా వేషాలు కట్టి, చూసినది చూసినట్లు ఆడారు. వీరనరసింహ రాయలు సంగతి గ్రహించి గురవరాజును పట్టించి శిక్షించాడు. మాచుపల్లి కైఫీయతు చెప్పే కథ ఇది.

ఒకనాడు వెనుక బల్ల పిల్లవాడొకడు లేచి, “మాస్టారూ, వీరనరసింహ రాయలు 1505లో రాజయ్యాడని సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉందండీ. 1502లో ఆయన ఎదుట ఎలా ఆడారండీ?” అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రాకుండానే పదవీ విరమణ అయింది.

పిల్లవాడి ప్రశ్న న్యాయమైనది. 1502 అంటే శాలివాహన శకం 1424, దుందుభి నామ సంవత్సరం. అప్పుడు విజయనగరానికి పేరుకు రాజు సాళువ వంశీయుడైన ఇమ్మడి నరసింహుడు. పెత్తనమంతా తుళువ నరసనాయకునిది. నరసనాయకుడు 1503లో మరణించగా ఆ పెత్తనం పెద్దకొడుకు వీరనరసింహునికి వచ్చింది. 1505లో ఇమ్మడి నరసింహుడు హతుడైన తరువాతనే వీరనరసింహుడు సింహాసనమెక్కి 1509 వరకు ఏలాడు. ఆ పిమ్మట తమ్ముడు కృష్ణదేవరాయలు. కనుక రాజు పేరు నిజమైతే సంవత్సరం తప్పు, సంవత్సరం నిజమైతే రాజు పేరు తప్పు.

మనవారు పట్టించుకోని సంగతి మరొకటి ఉన్నది. ఆనాడు మా కృష్ణాతీరం రాయలది కాదు, ఓఢ్ర గజపతులది. కొండవీడు 1515లో గాని కృష్ణరాయల చేతికి చిక్కలేదు. అంటే భాగవతులు ఒక రాజు ఏలుబడి నుండి అతని పగవాని ఏలుబడిలోకి నడిచి వెళ్ళి, ఆ పగవాని కొలువులోనే అతని సీమలో జరిగే అన్యాయాన్ని ఆడి చూపారన్నమాట! కథలో నన్ను ఇప్పటికీ కదిలించేది ఈ తెగువే. అంకె కోసం పోట్లాడుకుంటూ దీనిని మరిచాము.

అంకె ఎందుకు జారింది? మెకంజీ దొర మనుషులు గ్రామ కరణాల దగ్గర కైఫీయతులు సేకరించినది 19వ శతాబ్ది ఆరంభంలో. నడుమ 300 ఏళ్ళు. అన్ని తరాల పాటు పల్లెకు పడిన దెబ్బ గుర్తుంటుంది గాని తేదీ గుర్తుండాలంటే కష్టం.

ఆ ఏడు లోకమంతటా ఏమి జరుగుతున్నదా అని తిరగేస్తే నాకు ఆశ్చర్యం వేసింది. కొలంబసు నాలుగవసారి, చివరిసారి, పడమటికి ఓడలెక్కాడు. మెక్సికోలో రెండవ మొక్తెజుమా పట్టానికి వచ్చాడు. వాస్కో డ గామా రెండవ యాత్రలో మక్కా నుండి తిరిగివచ్చే యాత్రికుల ఓడను మలబారు తీరాన తగలబెట్టించి, కళ్ళికోట మీద ఫిరంగులు పేల్చాడు.

ఆ గామాను పంపిన పోర్చుగల్లు రాజు మనుయేలుకు అదే ఏడు జూన్ నెలలో కొడుకు పుట్టాడు. బాలింతరాలైన రాణి గదిలోకి గొల్లవాని వేషంలో ఒకడు జొరబడి, వాకిటి భటులు తన జుట్టు పీకారని మొరపెట్టుకుంటూ ఆటకట్టాడు. అతడు జిల్ విసెంతె. పోర్చుగీసు నాటకానికి ఆదిగా ఆ దేశస్థులు చెప్పుకునే ఆట అదే. ఆ తేదీకి ఎవరి ఆక్షేపణా లేదు. నాకు అసూయ కలిగిన మాట దాచను.

ఇటలీలో అదే ఏడు చెజారె బోర్జియా అనే గురవరాజు కోటలు పట్టుకుంటున్నాడు. అతనికి దుర్గాల పని చూసినవాడు లియొనార్డో డ వించి. డిసెంబరు 31న తన మీద కుట్ర పన్నిన సేనానులను సంధి పేరిట సెనిగాలియాకు రప్పించి బంధించాడు. ఆ రాత్రే ఇద్దరి గొంతు పిసికించాడు. ఫ్లారెన్సు దూతగా అతని వెంట ఉన్న మాకియవెల్లి, తరువాత రాసిన రాజనీతి గ్రంథంలో అతనినే కొత్త రాజులకు ఆదర్శంగా నిలబెట్టాడు. క్రూరుణ్ణి చూసిన మనవాళ్ళు ఏమి చేశారో పైన రాశాను. ఎవరికి మొగ్గుతానో మా ఊరివాణ్ణి, నన్ను అడగకండి.

ఇకమీదట 1502 అని నేను రాయను. సిద్ధవటం కథను మాత్రం వదలను. ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. నాయనా, నీ లెక్కే సరి. “వీరనరసింహ రాయల కాలం, 1505–1509 మధ్య” అని రాసుకో. పక్కనే కుండలీకరణాల్లో “కైఫీయతు ప్రకారం” అని కూడా చేర్చు.