రామదాసు పాత్రలో చిత్తూరు నాగయ్య

నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణా తహసీల్దారై, భద్రాద్రి రాముడికి గుడి కట్టించి గోల్కొండ ఖైదులో మగ్గిన రామదాసు, అంటే కంచర్ల గోపన్న కథ తెలుగు నటులకు తరతరాల ఆస్తి. ధర్మవరం గోపాలాచార్యుల ‘రామదాసు’ నాటకంలో పఠాన్‌గా బళ్ళారి రాఘవ పేరు మోగిపోయింది. 2006లో నాగార్జున తెర మీద రామదాసయ్యారు. ఈ వరుసలో నడుమ నిలిచిన చిత్తూరు వి. నాగయ్య మాత్రం ఆ కథను నటించి ఊరుకోలేదు, బతికారు.

1904 మార్చి 28న రేపల్లెలో పుట్టిన నాగయ్యకు చిత్తూరు రామవిలాస సభ నాటకాలు నటన నేర్పాయి, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా ఇచ్చాయి. 1938లో ‘గృహలక్ష్మి’తో వెండితెరకొచ్చారు. బి.ఎన్. రెడ్డి తీసిన ‘వందేమాతరం’ (1939) ఆయనను కథానాయకుణ్ణి చేసింది. మరుసటి ఏడు ‘సుమంగళి’లో, ముప్ఫయ్యారేళ్ళ వయసులోనే, వీరేశలింగం పంతులు ఛాయలున్న ముసలి సంస్కర్తగా మెప్పించారు.

ఆ రోజుల్లో రంగస్థలం మీద పద్యం చివరి వరుసకు వినపడాలి. రాగం సాగితేనే వన్స్‌మోర్ పడేది. ఆ బడిలోంచే వచ్చిన నాగయ్య మైకు ముందు గొంతు తగ్గించారు. మాట మాటలాగే పలికారు, పాటను ప్రార్థనలా పాడారు. తెలుగు తెరకు ఆయన చేసిన పెద్ద మేలు ఇదే. కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘భక్త పోతన’, ‘యోగి వేమన’ (1947), స్వీయ దర్శకత్వంలో ‘త్యాగయ్య’ (1946) ఆ గొంతు మీదే నిలబడ్డాయి. పోతన, త్యాగరాజు అనగానే జనానికి నాగయ్య ముఖమే మెదిలేది.

సంపాదన దండిగానే వచ్చింది. కానీ ఆయన చేతికి ఎముక లేదు. అడిగినవాళ్ళకు లేదనలేదు, సొంత చిత్రాల నష్టాలూ మీద పడ్డాయి. అయినా అరవయ్యో ఏట, 1964లో, తానే నిర్మాతగా, దర్శకుడిగా ‘రామదాసు’ తీసి ఆ పాత్ర ధరించారు. గోపన్న ఖజానా సొమ్ము గుడికి ధారపోసినట్టే ఈయన తన సొమ్ము కళకు ధారపోశారు. 1965లో పద్మశ్రీ వచ్చింది గానీ డబ్బు ఇబ్బందులు తీరలేదు. చిన్నచిన్న వేషాలతో నెట్టుకొస్తూ 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

గోపన్న చేయించిన చింతాకు పతకం, పచ్చల పతకం నేటికీ సీతారామ కళ్యాణంలో మెరుస్తాయి. నాగయ్య మిగిల్చినవి సినిమాలే. ఖమ్మంలో భక్త రామదాసు పేరిట కళాక్షేత్రం ఉంది. రామదాసు జయంతికి కీర్తనలతో పాటు నాగయ్య ‘రామదాసు’నూ అక్కడ ఏటా ప్రదర్శించాలి. ఖమ్మం జిల్లాలో పుట్టిన గోపన్న కథకు తన సంపాదన వెచ్చించిన నటుడికి ఈ జిల్లా ఆ మాత్రం బాకీ ఉంది.